కాన్పయి 24 రోజులు, తగ్గిన రక్తస్రావం మళ్ళీ ఎర్రగా అవుతోంది. ఆగాలా, వెళ్ళాలా?

పాలకొల్లు_పిల్ల
నాకు కాన్పయి ఇవాళ్టికి 24 రోజులు. నార్మలే, కుట్లు పడ్డాయి. అమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. మొదటి నాలుగు రోజులు బాగా ఎర్రగా అయింది, పదో రోజుకి గోధుమరంగులోకి దిగింది, పదిహేనో రోజుకి మరకలా కనిపించేది అంతే. ఇక అయిపోయిందనుకున్నా. బారసాల రోజు, అంటే 21న, మళ్ళీ ఎర్రగా మొదలైంది. నిన్న పొద్దున మంచం దిగగానే నిమ్మకాయంత గడ్డ పడింది. అమ్మేమో "చెడు రక్తం, లోపలుంటేనే ప్రమాదం, పోనీ" అంటోంది. మూడో నెల వచ్చేదాకా గడప దాటకూడదని నాన్నమ్మ. డిశ్చార్జి కాగితం మీద ఆరు వారాలకి రమ్మని రాశారు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే కౌంటర్లో అమ్మాయి "అందరికీ నలభై రోజులు అవుతుంది మేడం" అని పెట్టేసింది. ఆ నలభై రోజుల మాట నిజమేనా? నిజమైతే ఆగింది మళ్ళీ ఎందుకొస్తుంది? మా ఆయన హైదరాబాద్‌లో. చెప్తే ఉన్నపళంగా బస్సెక్కేస్తాడని చెప్పలేదు.

కందిపొడి_కాంతం
నాకు ముగ్గురు. మూడు కాన్పులకీ నెల పైనే అయింది, ఎవరి దగ్గరకీ పరిగెత్తలేదు. బారసాల రోజు ఎంతసేపు పీటల మీద కూర్చున్నావు తల్లీ? ఎంతమందికి వంగి దండాలు పెట్టావు? ఆ తిరుగుడుకి మళ్ళీ కనిపిస్తుంది. రెండు రోజులు మంచం దిగకు. కాయం సరిగ్గా తింటున్నావా?

ఉల్లిపాయ_పకోడి
బారసాలలో హాయిగా పడుకునేది ఉయ్యాల్లో వాడొక్కడే. మిగతా ఊడిగం అంతా బాలింతదే మన ఇళ్ళల్లో.

రెండో_కాన్పు
నాకు మొదటిసారి పన్నెండో దినం ఇట్లే ఎర్రగా వచ్చింది. భయపడి పోయినాము. మాయ అతుక్కొన్న తావులో పుండు మానినట్టు పక్కు కడుతుందంట, అది ఊడేటప్పుడు కొంచెం కనపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మోకాలు చెక్కుకుపోతే పక్కు రాలదా, అట్ల. అయితే నాది రెండు గంటల్లో నిలిచిపోయింది. నీది మూడు దినాల నుంచి అంటాండావు, అదే నాకు బాగలేదు.

పాలకొల్లు_పిల్ల
@రెండో_కాన్పు ఆ పక్కు సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎన్ని రోజుల్లో ఊడుతుంది?

నైట్‌డ్యూటీ_సిస్టర్
లేబర్ రూమ్‌లో 14 ఏళ్ళుగా స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాను, ఆ మాట ముందే చెప్తున్నా.

ఆ పక్కు ఊడేది సాధారణంగా వారం నుంచి రెండు వారాల మధ్య. గంట రెండు గంటలు ఎర్రగా కనిపించి తగ్గిపోతుంది. నలభై రోజుల మాట అబద్ధం కాదు. చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాలు ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ కౌంటర్ అమ్మాయి సగం మాటే చెప్పింది. నలభై రోజులూ ఒకేలా అవ్వదు. మొదట ఎరుపు, తర్వాత గులాబీ గోధుమ కలిసినట్టు, రెండో వారం దాటాక పసుపు తెలుపు. రోజురోజుకీ తగ్గాలి, రంగు వెలవాలి. బాగా తిరిగిన రోజో, బిడ్డ పాలు తాగుతుంటే కడుపు మెలిపెట్టినప్పుడో కాస్త ఎక్కువ కనిపించినా మళ్ళీ సర్దుకుంటుంది. రాత్రంతా పడుకుని లేచినప్పుడు ఒక్కసారిగా కారడం కూడా మామూలే, అది రాత్రి పోగైనది. నీకు తెలుపు దాకా వెళ్ళాల్సింది వెనక్కి తిరిగి ఎరుపులోకి వచ్చింది. మూడు రోజులైనా తగ్గలేదు. గడ్డ కూడా పడింది. ఇది బారసాల దండాల లెక్క కాదు.

అడిగినవాటికి దాచకుండా చెప్పు. రోజుకి ఎన్ని ప్యాడ్‌లు, ఒక్కోటి పూర్తిగా తడుస్తోందా? వాసన ఎలా ఉంది? జ్వరం, వణుకు ఉన్నాయా? పొత్తికడుపు నొక్కితే నొప్పా? నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? మాయ దానంతటదే పడిందా, చేత్తో తీశారా?

సిద్దిపేట_సీను
మొగోన్ని, ఈడ మాట్లాడొచ్చా లేదా తెల్వది గానీ చెప్తా. మా ఆమెకు 17వ దినం గిట్లనే షురువయింది. మా అత్తమ్మ గూడ గదే మాట, చెడు రక్తం పోతుందని. రెండు దినాలు చూసినం. మూడో దినం పొద్దుగాల బాత్రూంల దబ్బున సప్పుడైంది. పోయి చూస్తే కింద పడున్నది, పెదాలు సున్నం లెక్క తెల్లగ. 108కి ఫోన్ చేసిన. ఆసుపత్రిల రక్తం 5.9 ఉన్నదన్నరు. మూడు సీసాలు ఎక్కించిన్రు. లోపల మాయ ముక్క ఉండిపోయిందంట. ఇప్పుడు మా పోరి రెండో తరగతి, మా ఆమె మంచిగున్నది. కానీ గా సప్పుడు ఇప్పటికీ ఇనిపిస్తది నాకు. మీ ఆయనకు చెప్పు చెల్లె. బస్సెక్కితే ఎక్కనీ.

ఉల్లిపాయ_పకోడి
సీను అన్నా, ఇక్కడ మాట్లాడాల్సింది మీలాంటివాళ్ళే. ఇంకెప్పుడూ పర్మిషన్ అడక్కండి.

పాలకొల్లు_పిల్ల
సిస్టర్, ప్యాడ్‌లు కాదు, పాత నేత చీర ముక్కలు వాడుతున్నా. మెత్తగా ఉంటాయని అమ్మ చింపి పెట్టింది. రోజుకి ఏడెనిమిది మారుస్తున్నా. వాసన అంటే... ఉంది. గదిలో సాంబ్రాణి, కాయం, పిల్లాడి నూనె అన్నీ కలిసి నాకే సరిగ్గా తెలీట్లేదు. నొప్పి కింద కొంచెం. నిన్న సాయంత్రం వణికింది. పాలు గడ్డకట్టి వచ్చే జ్వరమని అమ్మ అంది, పారాసిటమాల్ వేసుకుంటే తగ్గింది. చూస్తే 100.8. మాయ గురించి గుర్తులేదు, అప్పటికి నాకు స్పృహ ఉన్నట్టే లేదు. ఎవరో కడుపు గట్టిగా నొక్కారని మాత్రం గుర్తుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వణుకు, 100.8 జ్వరం, వాసన, మళ్ళీ ఎరుపు. ఇక ఆలోచించేది లేదు, ఇవాళే వెళ్ళు. రేపు పొద్దున కాదు. 100.4 దాటిన జ్వరాన్ని బాలింతలో ఎప్పుడూ తేలిగ్గా తీసుకోం. పాలు కట్టిన జ్వరమైతే రొమ్ము గట్టిపడి, ఎర్రబడి అక్కడ నొప్పి ఉండాలి, నీకది లేదు. పారాసిటమాల్‌తో జ్వరం దిగినంత మాత్రాన గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ లేదని కాదు.

గుడ్డ వాడితే లెక్క తెలీదు, అదే ఇబ్బంది. పొడి గుడ్డ ఒకటి, తడిసింది ఒకటి వంటింటి కాటాలో తూచి చూడు. ఒక గ్రాము అంటే ఇంచుమించు ఒక మిల్లీలీటరు. లేబర్ రూమ్‌లో మేమూ అలాగే తూస్తాం, కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెప్తుంది. తూచడం కోసం మాత్రం ప్రయాణం ఆపకు.

మెడికల్_షాపు_మూర్తి
మా షాపుకి వారానికొకరైనా వస్తారు, "బాలింతకి రక్తం ఆగే బిళ్ళ ఇవ్వండి" అని. ట్రానెగ్జామిక్ ఒకరు, మెథర్జిన్ ఇంకొకరు. పక్కింటావిడ చీటీ పట్టుకొస్తారు. ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు.

అత్తిలి_అబ్బులు
మూర్తి గారూ, ఇవ్వడానికి ఏమైంది? మా చెల్లికి డాక్టరే మెథర్జిన్ రాసింది. రెండు రోజుల్లో ఆగింది. ఆసుపత్రికి వెళ్తే ముందు స్కానింగంటారు, తర్వాత అడ్మిషనంటారు, ఇరవై వేలు.

మెడికల్_షాపు_మూర్తి
మీ చెల్లిని చూసి రాసింది, చీటీని చూసి కాదు. మెథర్జిన్ బీపీ పెంచుతుంది. కాన్పులో బీపీ ఉన్న ఆడపిల్లకి అది ఇస్తే ఏమవుతుందో నేను చూశాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@అత్తిలి_అబ్బులు డబ్బు బాధ నిజమే, కాదనను. ట్రానెగ్జామిక్ అయినా అంతే. బాలింతకి కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు రోజులకంటే ఎక్కువ, డాక్టర్ చూడకుండా వేసుకునే బిళ్ళ కాదది. ఇక ఖర్చంటారా, సర్కారు ఆసుపత్రిలో బాలింతకి మందులు, పరీక్షలు, రక్తం, తీసుకెళ్ళే బండి అన్నీ ఉచితం. 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమం పెట్టింది అందుకే. కాన్పు ప్రైవేటులో అయినా, తర్వాత తేడా వస్తే ప్రభుత్వాసుపత్రి తలుపు మూసి ఉండదు.

కందిపొడి_కాంతం
జ్వరం సంగతి ముందు చెప్పలేదుగా పిల్ల! వణుకంటే నేనూ ఆగమనను. నా మాట పక్కన పెట్టి బయల్దేరు. చెవుల్లో దూది పెట్టుకో, తలకి గుడ్డ చుట్టుకో, మీ నాన్నమ్మ నోరెత్తదు.

డల్లాస్_డైరీ
మా ఊళ్ళో డిశ్చార్జి రోజు నర్సు కాగితం మీద గీసి చూపించింది. గంటకో ప్యాడ్ నిండా తడుస్తూ అలా రెండు గంటలు సాగినా, కోడిగుడ్డంత గడ్డ పడినా ఫోన్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి రమ్మంది. ఆ కాగితం ఆరు వారాలు ఫ్రిజ్ మీదే ఉంది. నాకు మొత్తం అయిదున్నర వారాలు అయింది, ఏ తేడా లేదు, చివర్లో పసుపు మరకలే. కాబట్టి రోజులు లెక్కబెట్టి భయపడక్కర్లేదు. ఇక్కడా ఆరు వారాల చెకప్ ఒక్కటే ఉండేది. మధ్యలో తల్లిని అడిగే దిక్కు లేదని, మూడు వారాల్లోపు ఒకసారి పలకరించాలని ఇక్కడి ప్రసూతి వైద్యుల సంఘం 2018లో చెప్పింది. అందరూ పాటిస్తున్నారా అంటే నాకైతే ఫోన్ రాలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మన దగ్గర ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. 21కి నీకు వచ్చిందా?

పాలకొల్లు_పిల్ల
వచ్చింది. బాబుని తూచింది, బొడ్డు చూసింది, పాలు తాగుతున్నాడా అని అడిగింది. నేను ఎదురుగా ఎర్ర గుడ్డతో కూర్చునే ఉన్నాను. నన్నేమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. సిగ్గేసింది, ఇంటినిండా బారసాల చుట్టాలు.

ఆటో వచ్చింది. నాన్నమ్మ కూడా ఎక్కి కూర్చుంది, దిగనంటోంది.

సిద్దిపేట_సీను
ఫోన్ చార్జింగ్ పెట్టుకో, కాన్పు కాగితాలు పట్టుకపో, బ్లడ్ గ్రూప్ ఏందో రాసుకో. మేం గవన్నీ ఇంట్ల ఇడిచిపెట్టి ఉరికినం.

కొత్తమ్మ_7వారాలు
ఇదే దారంలో నాదీ అడగొచ్చా? నాకు అయిదు వారాలకి పూర్తిగా ఆగింది. ఇప్పుడు 7 వారాలు, మొన్నటి నుంచి మళ్ళీ వస్తోంది, అచ్చం నెలసరిలా. జ్వరం లేదు, వాసన లేదు. పాలు సరిపోక సగం డబ్బా పాలే పడుతున్నాం. పైన రాసినవన్నీ చదివి గుండె దడ పట్టుకుంది.

రెండో_కాన్పు
డబ్బా పాలు అంటే నెలసరి తొందరగానే వస్తుంది మా. మా తోటికోడలుకి సరిగ్గా రెండు నెలలకే వచ్చింది. నాకు పాపకి పూర్తి పాలిస్తా ఉంటే పదకొండు నెలలు రాలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@కొత్తమ్మ_7వారాలు పూర్తిగా ఆగి, రెండు వారాలు పొడిగా ఉండి వచ్చింది కాబట్టి నెలసరే అయ్యుండొచ్చు. ఏడు రోజులు దాటినా, మామూలు నెలసరికంటే బాగా ఎక్కువైనా చూపించుకో. కాన్పయ్యాక కాపర్ టీ ఏమైనా వేశారా? మూడు నెలల ఇంజక్షన్ గానీ, రోజూ వేసుకునే బిళ్ళ గానీ మొదలెట్టావా? వాటివల్ల కూడా అడపాదడపా కనిపిస్తుంది. ఇంకొకటి, నెలసరి రాకముందే అండం విడుదలవుతుంది. కాబట్టి ఇంట్లో మూత్రం కిట్‌తో ఒకసారి చూసుకున్నా తప్పులేదు.

ఉల్లిపాయ_పకోడి
గుండె దడ తగ్గించమంటే పెంచారేంటి సిస్టర్.

కొత్తమ్మ_7వారాలు
ఏమీ వేయించుకోలేదు. కిట్ తెప్పిస్తున్నా. మా ఆయన ముఖం చూడాలి మీరు.

అత్తిలి_అబ్బులు
పాలకొల్లు అమ్మాయి ఏమైంది? రాత్రి నుంచి పది సార్లు చూశా ఈ పేజీ.

పాలకొల్లు_పిల్ల
ఉన్నానండీ, వార్డులో ఉన్నాను. రెండు రోజులుగా ఫోన్ చూసే ఓపిక లేదు.

వెళ్ళగానే నాడి చూశారు, 118. బీపీ బాగానే ఉంది. బీపీ బాగుంది కదా అని నేను నవ్వాను. వయసులో ఉన్నవాళ్ళకి బీపీ ఆఖరిదాకా బాగానే ఉంటుంది, పడితే ఒక్కసారే పడుతుంది, అందుకే నాడి చూస్తామని డాక్టర్ అంది. రక్తం 8.1. కాన్పుకి ముందు 11 ఉండేది. స్కాన్‌లో లోపల రెండున్నర సెంటీమీటర్ల ముక్క కనిపించింది, దానికి రక్తప్రసారం కూడా ఉందట. గర్భసంచికి ఇన్‌ఫెక్షన్. ముందు సెలైన్‌లో యాంటీబయాటిక్స్ పెట్టారు, మర్నాడు స్కాన్ చూసుకుంటూ మత్తిచ్చి ముక్క తీశారు. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదంట. జ్వరం నిన్న సాయంత్రం నుంచి లేదు. రక్తం ఎక్కించలేదు, ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. కాన్పుకాగానే రాసిచ్చిన ఐరన్ బిళ్ళలు మలబద్ధకమని వారానికే మానేశానని ఒప్పుకున్నాను, చీవాట్లు పడ్డాయి. ఆరు నెలలు వేసుకోవాలంట.

రెండో_కాన్పు
హమ్మయ్య. అయితే ఒకటి చెప్తా, చదివేవాళ్ళు అందరూ కడిగించుకోవాలని అనుకోవద్దండి. మా చెల్లికి స్కాన్‌లో ఏందో ఉన్నట్టు కనపడింది, ఒక డాక్టరు వెంటనే తీసేయాలనింది. ఇంకొకరు జ్వరం లేదు, రక్తం తగ్గుతాంది కదా, వారం చూద్దామనినారు. వారానికి మళ్ళీ స్కాన్ తీస్తే ఏమీ లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@రెండో_కాన్పు నిజం. కాన్పయిన కొత్తలో స్కాన్ తీస్తే ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి కూడా లోపల గడ్డల్లాంటివి కనిపిస్తాయి. స్కాన్ కాగితం ఒక్కటే చూసి నిర్ణయించరు, రక్తం, జ్వరం, వాసన, నొప్పి అన్నీ కలిపి చూడాలి. బాలింత గర్భసంచి మెత్తగా ఉంటుంది, గీకేటప్పుడు చిల్లు పడే ప్రమాదం మామూలుకంటే ఎక్కువ. లోపలి గోడలు అతుక్కుపోయే భయమూ ఉంది. మందులతో సరిపోతే మందులే. ఈ అమ్మాయికి రక్తప్రసారం ఉన్న ముక్క, పైగా ఇన్‌ఫెక్షన్, కాబట్టి తీశారు.

డల్లాస్_డైరీ
మాయ మొత్తం వచ్చిందా లేదా అని కాన్పప్పుడే చూస్తారు కదా. మరి ముక్క ఎలా మిగిలింది? ఎవరినీ అనాలని కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చూస్తాం. పళ్ళెంలో పరిచి, తమ్మెలన్నీ, అంటే మాయలో విడివిడిగా కనిపించే భాగాలన్నీ, పజిల్ ముక్కల్లా పక్కపక్కన చేర్చి చూస్తాం, పొరలు కూడా. అయినా కొందరికి అసలు మాయకి దూరంగా ఒక చిన్న తమ్మె విడిగా ఉంటుంది, పెద్దది నిండుగా కనిపిస్తుంది, చిన్నది లోపలే ఉండిపోతుంది. సరిగ్గా చూడనివాళ్ళూ ఉన్నారు, అబద్ధం చెప్పను. రాత్రి మూడింటికి నాలుగో కాన్పు చేస్తున్నప్పుడు ఏ చేతులు ఎంత జాగ్రత్తగా చూస్తాయో నాకు తెలుసు.

మెడికల్_షాపు_మూర్తి
పాలివ్వొచ్చన్నారా?

పాలకొల్లు_పిల్ల
ఇవ్వమన్నారు. పాలిచ్చే తల్లినని ముందే చెప్పా కాబట్టి దానికి తగ్గ మందులే రాశారట. మత్తు దిగి తెలివి బాగా వచ్చాక ఇచ్చాను. బాబుని అమ్మ కారిడార్‌లో ఎత్తుకుని తిప్పుతోంది, మా ఆయన సీసాలో నీళ్ళు పడుతున్నాడు. ఇంట్లో రోజుకి రెండు గ్లాసులు దాటి నీళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు, పొట్ట వస్తుందని. ఇక్కడ నర్సు వచ్చి తాగావా తాగావా అని ప్రాణం తీస్తోంది.

మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. నిన్న రాత్రి నాన్నమ్మ నా మంచం పక్కనే చాప వేసుకుంది. నిద్ర పట్టక కాళ్ళు ఒత్తుతూ ఉంది. ఉన్నట్టుండి "మా అక్క రత్తమ్మకీ ఇలాగే అయిందే, ఇరవయ్యో నాడు. వణికింది, పేలింది. సన్నిపాతం కమ్మిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిచారు" అంది. పిల్ల బతికిందా అన్నాను. "అది మీ పెద్దత్తే" అంది. ఇన్నేళ్ళూ పెద్దత్తని నాన్నమ్మ కన్నకూతురనే అనుకున్నాను నేను.

సిద్దిపేట_సీను
ఏం రాయాల్నో సమజైతలేదు.

కందిపొడి_కాంతం
మా మేనత్త కూడా సన్నిపాతంతోనే పోయిందని చెప్పేవారు. నెల బాలింత. ఇన్నాళ్ళూ అది తలకెక్కే రోగమేదో అనుకున్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
డిశ్చార్జి చేసేటప్పుడు మళ్ళీ ఎప్పుడు రావాలో రాయించుకో. ఇంటికెళ్ళాక కూడా వారం పదిరోజులు కొంచెం కనిపిస్తుంది, తగ్గుతూ పోవాలి. మళ్ళీ వణుకు వస్తే ఆటో కోసం చూడకు, 108కి చెయ్యి. ఆ కౌంటర్ ఫోన్ నంబరు మాత్రం తీసేయ్.

పాలకొల్లు_పిల్ల
తీసేశా. ఆశా అక్క నిన్న వార్డుకే వచ్చింది, ఏడ్చినంత పని చేసింది. 28కి ఇంటికొచ్చి ముందు నన్నే చూస్తానంది, బాబుని తర్వాత.

కొత్తమ్మ_7వారాలు
కిట్‌లో ఒక్క గీతే. మా ఆయన ఇప్పుడే అన్నం తిన్నాడు, పొద్దున్నుంచి తినలేదు.

ఉల్లిపాయ_పకోడి
ఆయనకి కాయం పెట్టండి.